చూపు తగ్గిన ఇంటికి మార్గదర్శి: ఇంప్లాంట్లు, సహాయక పరికరాలు ఏ వరుసలో ఎంచుకోవాలి

మా మేనమామకు చిన్నతనం నుంచి రేచీకటి ఉండేది. దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరుకోవడం ఆయనకు అలవాటైపోయిందే తప్ప, అది జబ్బని ఇంట్లో ఎవరూ అనుకోలేదు. నలభై దాటాక పట్టపగలు కూడా గడపలు కాలికి తగలడం మొదలైనప్పుడు పరీక్ష చేయిస్తే రెటినైటిస్ పిగ్మెంటోసా, అంటే వెలుతురును అందుకునే కంటి కణాలు క్రమంగా చచ్చిపోయే జబ్బు, అని తేలింది. ఆ రోజు మేము డాక్టరును అడిగినవి రెండే ప్రశ్నలు: ఆపరేషన్ ఉందా, లేకపోతే ఏ మిషన్ కొనాలి? ఆ తరువాతి ఏళ్లలో ఆయనతోనూ, మరికొన్ని కుటుంబాలతోనూ ఆసుపత్రుల చుట్టూ తిరిగాక, అడగవలసిన ప్రశ్నలు అవి కావని అర్థమైంది. చూపు దారిలో ఏ చోట తెగింది? ఆ చోటికి అందే పరికరం ఏది? అది చెడిపోతే బాగుచేసేవారెవరు? ఈ మూడు ప్రశ్నల వరుసలోనే కింది అడుగులు సాగుతాయి.

మొదటి అడుగు: చూపు ఎక్కడ తెగిందో తెలుసుకోండి

వెలుతురు ముందుగా నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరను, అంటే కార్నియాను దాటి, లెన్సు గుండా వెళ్లి, వెనుక ఉన్న రెటీనా మీద పడుతుంది. రెటీనాలోని కణాలు దాన్ని విద్యుత్ సంకేతాలుగా మారిస్తే, కంటి నరం వాటిని మెదడు వెనుక భాగానికి చేరవేస్తుంది. ఈ దారిలో దెబ్బతిన్న మజిలీని బట్టే చికిత్స ఉంటుంది. పక్కింటాయనకు పనిచేసింది మనకెందుకు పనిచేయదన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది.

లెన్సు మసకబారితే అది శుక్లం. ఇంప్లాంట్ అనగానే అందరికీ కంప్యూటర్ చిప్పు గుర్తుకొస్తుంది గాని, కంట్లో అమర్చేవాటిలో ఎక్కువమందికి వేసింది చిన్న ప్లాస్టిక్ లెన్సే. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల ప్లాస్టిక్ అద్దాల ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకుని అలాగే ఉండిపోయినా కన్ను వాటితో పేచీ పెట్టుకోలేదని గమనించిన కంటి డాక్టరు హెరాల్డ్ రిడ్లీ, ఆ రకం ప్లాస్టిక్కుతోనే తయారైన లెన్సును 1949 నవంబరు 29న లండన్‌లో ఒక రోగి కంట్లో మొదటిసారి అమర్చారు. 1992లో మదురైలో ఆరోలాబ్ మొదలై లెన్సులను మన దేశంలోనే చవకగా తయారుచేయడంతో, ఊళ్లలో అవ్వలు సైతం ‘లెన్సు వేయించుకున్నాను’ అని మామూలుగా చెప్పుకునే స్థితి వచ్చింది.

కార్నియా పాడైతే దాత ఇచ్చిన కార్నియాను మార్చవచ్చు, అది పదేపదే విఫలమైతే కృత్రిమ కార్నియా అమర్చే ఆపరేషన్లు కూడా ఉన్నాయి. నీటికాసుల జబ్బులో మాత్రం దెబ్బ తగిలేది కంటి నరానికి. పోయిన చూపు తిరిగి రాదు, రెటీనాలో ఎంత గొప్ప చిప్పు పెట్టినా సంకేతం మోసే తీగ లేదు కనుక అది వృథా. రెటినైటిస్ పిగ్మెంటోసాలోనూ, వయసుతో రెటీనా నడిమి భాగం దెబ్బతినే మాక్యులా క్షీణతలోనూ పరిస్థితి వేరు. వెలుతురును అందుకునే కణాలు చచ్చిపోయినా వాటి వెనుక వరుసలోని కణాలు, నరం చాలాకాలం బతికే ఉంటాయి. రెటీనా ఇంప్లాంట్ల ప్రయత్నమంతా ఆ మిగిలిన కణాల మీద ఆధారపడినదే.

కాబట్టి డాక్టరు గది నుంచి బయటికి వచ్చే ముందు జబ్బు పూర్తి పేరు, రెండు కళ్ల చూపు కొలత, చూపు ఎంత వెడల్పున అందుతుందో కొలిచే ఫీల్డ్ పరీక్ష ఫలితం, రెటీనా స్కాన్ రిపోర్టు కాగితం మీద తీసుకోండి. వంశపారంపర్యంగా వచ్చే రెటీనా జబ్బయితే జన్యు పరీక్ష గురించి తప్పక అడగండి. ఆర్‌పీఈ65 అనే ఒక్క జన్యువులో లోపం ఉన్నవారికి 2017 డిసెంబరులో అమెరికాలో లక్స్‌టర్నా అనే జన్యు చికిత్సకు ఆమోదం లభించింది. మిగిలిన జన్యువుల వారికి అది వర్తించదు గనుక, ఏ జన్యువో తెలియకుండా ఆశపడటంలో గాని, ఆశ వదులుకోవడంలో గాని అర్థం లేదు. మేనరికపు పెళ్లిళ్లు ఎక్కువగా జరిగే మన కుటుంబాలలో తోబుట్టువులకు కూడా ఒకసారి కంటి పరీక్ష చేయించడం మంచిది.

రెండో అడుగు: మిగిలిన చూపును పనిలో పెట్టండి

‘చూపు లేదు’ అని సర్టిఫికెట్ ఉన్నవారిలో చాలామందికి ఎంతో కొంత చూపు ఉంటుంది. అది ఏ ఆకారంలో మిగిలిందన్నది ముఖ్యం. మాక్యులా క్షీణతలో మధ్య చూపు పోయి అంచులు మిగులుతాయి. అక్షరాన్ని పెద్దది చేస్తే మంచి భాగం మీద కొంత పడుతుంది గనుక, వీరికి భూతద్దం, ఎలక్ట్రానిక్ మాగ్నిఫయర్ ఎంతో ఉపకరిస్తాయి. రెటినైటిస్ పిగ్మెంటోసాలో దీనికి తలకిందులుగా అంచులు పోయి, గొట్టంలోంచి చూసినట్టు మధ్య మాత్రం మిగులుతుంది. ఇక్కడ అక్షరం మరీ పెద్దదైతే ఆ చిన్న కన్నంలో పట్టదు. మా మేనమామకు మేము ముచ్చటపడి కొన్న పెద్ద భూతద్దం అందుకే పూజగదిలో దేవుడి పటం పక్కన ఉండిపోయింది. లో విజన్ విభాగం ఉన్న కంటి ఆసుపత్రిలో పరికరాలను చేతికిచ్చి, మీ పేపరు, మీ మందు సీసా తెచ్చుకుని చదివి చూడమంటారు. హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్‌.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ఇటువంటి పునరావాస విభాగం ఉంది. ఆ పరీక్ష కాకుండా ఆన్‌లైన్‌లో ఏదీ కొనవద్దు.

కొన్నింటికి డబ్బుతో పని లేదు. స్టీలు కంచంలో పెరుగన్నం తెల్లటి మసకలో మసకగా కలిసిపోతుంది, అదే అన్నం ముదురు రంగు పళ్లెంలో పెడితే ఎక్కడ ఉందో తెలుస్తుంది. అరటాకు ఈ విషయంలో ఏ డిజైనరూ మెరుగుపరచలేని పరికరం. మెట్ల అంచులకు పసుపు రంగు పట్టీ, స్విచ్ బోర్డు చుట్టూ నల్ల టేపు, గ్యాస్ స్టవ్ నాబు సిమ్‌లో ఉండే చోట ఒక చుక్క గట్టి జిగురు పెట్టడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం సరిపోతుంది.

మరో సంగతి చెప్పాలి. చూపు బాగా తగ్గినవారిలో కొందరికి లేని మనుషులు, పూలు, గళ్ల గళ్ల నమూనాలు కనిపిస్తాయి. దీన్ని చార్లెస్ బోనెట్ సిండ్రోమ్ అంటారు. కంటి నుంచి సంకేతాలు తగ్గినప్పుడు మెదడు తనంతట తాను బొమ్మలు కల్పించుకోవడమే తప్ప అది పిచ్చి కాదు, గాలి సోకడం అంతకన్నా కాదు. పెద్దవారు చెప్పడానికి జంకుతారు గనుక మీరే మెల్లగా అడగండి.

మూడో అడుగు: సదరం, యూడీఐడీ

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం మెరుగైన కంటికి, అద్దాలు పెట్టిన తరువాత కూడా, చూపు 3/60 కన్నా తక్కువగా (ఇతరులు 60 మీటర్ల నుంచి చదివేది 3 మీటర్ల నుంచి కూడా చదవలేనంతగా) ఉన్నా, చూపు పరిధి 10 డిగ్రీల లోపు ఉన్నా అది అంధత్వమే. ఈ రెండో షరతు చాలామందికి తెలియదు. వైకల్య శాతాన్ని తేల్చే సదరం క్యాంపుకు మొదటిసారి వెళ్లినప్పుడు, గోడమీది అక్షరాలు బాగానే చదువుతున్నాడని మా మేనమామను వెనక్కి పంపించారు. ఫీల్డ్ పరీక్ష రిపోర్టు పట్టుకెళ్లకపోవడం మా పొరపాటు, అడగకపోవడం వారి పొరపాటు. రెండోసారి ఆ కాగితం చూపించాక పని జరిగింది. స్లాటు తీసుకుని, 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం నమోదు చేయించుకుని, యూడీఐడీ కార్డు, అంటే దేశమంతటికీ ఒకటే అయిన వికలాంగుల గుర్తింపు కార్డు, తీసుకుంటే పెన్షన్‌కూ, రాయితీలకూ, కేంద్రం 1981 నుంచి ఆదాయ పరిమితితో ఉపకరణాలు ఇస్తున్న అడిప్ పథకానికీ దారి తెరుచుకుంటుంది.

నాలుగో అడుగు: తెల్లకర్ర, మోచేయి

కర్ర పట్టుకుంటే నలుగురికీ తెలిసిపోతుందన్న సిగ్గుతో చాలామంది ఏళ్ల తరబడి ఇల్లు కదలరు. నిజానికి నలుగురికీ తెలియడం కర్ర చేసే పనుల్లో ఒకటి, ఎందుకంటే ఆటోవాడు బ్రేకు వేసేది ఆ తెలుపు చూసే. కర్ర పొడవు నిలబడినప్పుడు నేల నుంచి రొమ్ము ఎముక దాకా రావాలి. నడిచేటప్పుడు ఎడమ కాలు ముందుకు వేస్తుంటే కర్ర కొన కుడివైపు నేలను తాకాలి, కుడి కాలు వేస్తుంటే ఎడమవైపు తాకాలి. అలా తరువాతి అడుగు పడబోయే చోటును కర్ర ముందే తడిమి చూస్తుంది. నేల మీది గుంత, మెట్టు దానికి దొరుకుతాయి. తల ఎత్తున వేలాడే చెట్టు కొమ్మ, లారీ వెనుక తలుపు దొరకవు. ఆ లోటు తీర్చడానికే ఐఐటీ ఢిల్లీలో రూపొందించిన స్మార్ట్‌కేన్ 2014లో వచ్చింది. కర్ర పిడికి అమర్చిన పరికరం అల్ట్రాసౌండ్ తరంగాలతో 3 మీటర్ల వరకు అడ్డంకిని పసిగట్టి, వేళ్ల కింద ప్రకంపనలతో తెలియజేస్తుంది. మామూలు కర్రతో నడక వచ్చాకే దాన్ని తీసుకోండి. నడక రానివారికి ఆ ప్రకంపనలు గందరగోళమే.

ఇంట్లోవారు నేర్చుకోవలసినది కూడా ఒకటి ఉంది. చూపు లేనివారి రెక్క పట్టుకుని ముందుకు నెట్టకండి. మీ మోచేతిని వారికి అందించి, మీరు అరడుగు ముందు నడవండి. మెట్టు వచ్చినప్పుడు మీ చేయి లేవడం, దిగడం వారికి మాటకన్నా ముందే తెలుస్తుంది.

అయిదో అడుగు: జేబులో ఉన్న ఫోను

చూపు లేనివారికి అత్యధికంగా ఉపయోగపడే పరికరం ఏదని నన్నడిగితే, ఇప్పటికే మీ దగ్గరున్న ఫోనేనంటాను. ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్‌లోకి వెళ్లి యాక్సెసిబిలిటీలో టాక్‌బ్యాక్ ఆన్ చేయండి, అది తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపిస్తుంది. అక్కడే రెండు వాల్యూమ్ బటన్లను కలిపి కొన్ని క్షణాలు నొక్కితే అది ఆన్, ఆఫ్ అయ్యే సదుపాయాన్ని కూడా పెట్టండి. ఐఫోనులో దీని పేరు వాయిస్‌ఓవర్. తరువాత టెక్స్ట్ టు స్పీచ్ విభాగంలో తెలుగు గొంతును దించుకుని, మాట వేగం బాగా తగ్గించండి.

టాక్‌బ్యాక్ ఆన్ అయ్యాక ఫోను మాట వినదు, చెడిపోయిందని అందరూ కంగారుపడతారు. ఒకసారి తాకితే అది పేరు చదువుతుంది, వెంటనే రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. మా మేనమామ వరండాలో కూర్చుని ‘ఫోన్, ఫోన్, ఫోన్’ అని అది చెబుతుంటే ప్రతిసారీ ఒక్కసారే తాకుతూ, విసుగొచ్చి పక్కన పెట్టేసేవారు. వారి వేలిని పట్టుకుని తెర మీద ఆడించకండి. టేబుల్ మీద తలుపు కొట్టినట్టు టకటకమని రెండు దెబ్బలు వేయించి, ఆ లయ వచ్చాక తెర మీదికి తీసుకురండి. మాకు ఆ ఒక్కటి రావడానికి రెండు రోజులు పట్టింది, మిగిలినదంతా వారంలో వచ్చేసింది. వేలిని కుడివైపు జరిపితే తరువాతి అంశానికి వెళుతుంది, రెండు వేళ్లతో జరిపితే పేజీ కదులుతుంది. మొదటి వారం ఫోను ఎత్తడం, చేయడం తప్ప ఇంకేమీ నేర్పకండి. రెండో వారం వాట్సాప్ వాయిస్ సందేశాలు, ఆ తరువాత తెలుగు వాయిస్ టైపింగు నేర్పండి.

డబ్బు విషయానికి వస్తే, రిజర్వ్ బ్యాంకు 2020 జనవరి 1న విడుదల చేసిన మణి యాప్ నోటును కెమెరాతో చూసి విలువ చెబుతుంది, ఇంటర్నెట్ లేకున్నా పనిచేస్తుంది, కానీ అది దొంగనోటో మంచినోటో చెప్పదు. నోటు అంచున ఉబ్బెత్తు గీతలు కూడా ఉంటాయి: 100 నోటుకు నాలుగు, 500 నోటుకు అయిదు, 200 నోటుకు నాలుగు గీతల నడుమ రెండు సున్నాలు. నలిగిన నోటు మీద ఇవి అరిగిపోతాయి గనుక రెండు పద్ధతులూ తెలిసి ఉండాలి. యూపీఐ పిన్ కొట్టేటప్పుడు ఒక చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకోవడం అలవాటు చేయండి. వీధిలో నడిచేటప్పుడు మాత్రం రెండు చెవులూ ఎప్పుడూ మూయకూడదు, వారి రోడ్డు అంతా చెవుల్లోనే ఉంటుంది.

ఉత్తరాలు, మందుల పేర్లు చదివించుకోవడానికి గూగుల్ లుకౌట్, మైక్రోసాఫ్ట్ సీయింగ్ ఏఐ ఉన్నాయి. డెన్మార్క్‌లో పుట్టి 2015లో విడుదలైన బీ మై ఐస్‌లో వీడియో కాల్ చేస్తే చూపున్న స్వచ్ఛంద సేవకుడు ఎదుట ఉన్నదేమిటో చెబుతాడు, 2023 నుంచి కృత్రిమ మేధ కూడా ఫోటోను వర్ణిస్తోంది. అయితే మందు మోతాదు, గడువు తేదీ విషయంలో యంత్రం మాటే నమ్మకండి, మరో మనిషితో సరిచూసుకోండి.

బ్యాంకు యాప్ ముఖం చూపించి కళ్లు ఆర్పమంటే? ఇది ఎందరినో అవమానపరిచిన సమస్య. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ప్రజ్ఞా ప్రసూన్ కేసులో డిజిటల్ సేవలను అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పి, కేవైసీని వికలాంగులకు అనువుగా మార్చాలని ఆదేశాలిచ్చింది. కౌంటరు దగ్గర కాదన్నప్పుడు ఈ తీర్పు పేరు రాతపూర్వకమైన ఫిర్యాదులో పెట్టండి.

చదువుకునే పిల్లలకు, ఉద్యోగులకు కంప్యూటర్ తప్పదు. కంప్యూటర్ తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం, అందులోని ఈస్పీక్ గొంతు తెలుగు చదువుతుంది. యాస కర్ణకఠోరంగా ఉన్నా వారంలో చెవి సర్దుకుంటుంది. అసలు చిక్కు మన దగ్గరే ఉంది. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్ల వంటి పాత పద్ధతి ఫాంట్లతో కొట్టిన తెలుగు ఫైలును ఏ స్క్రీన్ రీడరూ చదవలేదు, పిచ్చి అక్షరాలు వల్లిస్తుంది. స్కాన్ చేసిన పీడీఎఫ్ దానికి ఖాళీ కాగితమే. బడినీ ఆఫీసునూ యూనికోడ్‌లో, అంటే ఫోనులో వాడే తెలుగు అక్షరాల పద్ధతిలో, ఫైలు ఇమ్మని అడగండి. బ్రెయిలీని కూడా పాతబడిందని తోసిపుచ్చకండి: వినే పిల్లవాడికి ‘శ’, ‘ష’ తేడా తెలియదు, వేలితో చదివిన పిల్లవాడికి తెలుస్తుంది.

ఆరో అడుగు: కంటి ఇంప్లాంట్ వార్త వచ్చినప్పుడు

ఇక్కడే కుటుంబాలు ఎక్కువగా నష్టపోతాయి కాబట్టి ఒక ఉదాహరణ వివరంగా చెబుతాను. అమెరికాలోని సెకండ్ సైట్ సంస్థ తయారుచేసిన ఆర్గస్ 2 అనే రెటీనా ఇంప్లాంట్‌కు ఐరోపాలో 2011లోనూ, అమెరికాలో 2013లోనూ ఆమోదం దొరికింది. కళ్లద్దాల మీది కెమెరా తీసిన దృశ్యాన్ని నడుముకు కట్టుకున్న చిన్న పెట్టె సంకేతాలుగా మారిస్తే, రెటీనా మీద అతికించిన 60 ఎలక్ట్రోడ్లు వాటిని నరానికి అందించేవి. అరవై చుక్కలతో కనిపించేది దర్వాజా అంచు, తెల్లటి గోడ ముందు మనిషి నీడ, అంతే. దాని ధర సుమారు లక్షన్నర డాలర్లు. అంతలో సంస్థ ఆర్థిక కష్టాల్లో పడి ఆ ఇంప్లాంట్ తయారీ ఆపేసింది. ఇంప్లాంట్ కంట్లోనే ఉండిపోయింది, కానీ బయటి పెట్టె చెడిపోతే బాగుచేసేవారు లేరు. జర్మనీలో ఇటువంటి ఇంప్లాంట్ తయారుచేసిన రెటీనా ఇంప్లాంట్ ఏజీ సైతం 2019లో మూతపడింది. పరికరం పనిచేయడం ఒక ఎత్తు, దాని వెనుక సంస్థ నిలవడం మరో ఎత్తు.

ఆ తరువాతి తరం ప్రీమా. 2 మిల్లీమీటర్ల చదరపు చిప్పును రెటీనా కింద పెడతారు, అందులో 378 బిందువులుంటాయి. కళ్లద్దాలు పంపే పరారుణ కాంతి నుంచే దానికి శక్తి అందుతుంది, తీగ గాని, బ్యాటరీ గాని లోపల ఉండవు. 2025 అక్టోబరులో వెలువడిన ఫలితాల ప్రకారం మాక్యులా క్షీణత ఉన్న 38 మందికి దీన్ని అమర్చగా, ఏడాది పూర్తిచేసిన 32 మందిలో 26 మందికి చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించింది. ఎన్నో నెలల శిక్షణతో, అక్షరాలను పెద్దవిగా చేసుకుని, మెల్లగా చదవగలిగారు. ఇది నిజంగా గొప్ప ముందడుగు. కానీ ఆ ఫలితం మాక్యులా క్షీణతకు సంబంధించినది, నీటికాసులకు కాదు, పుట్టు అంధత్వానికీ కాదు. ఇక కంటినీ నరాన్నీ దాటి నేరుగా మెదడులో అమర్చే న్యూరాలింక్ బ్లైండ్‌సైట్‌కు 2024 సెప్టెంబరులో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇచ్చినది పరిశీలనను వేగిరపరిచే గుర్తింపు మాత్రమే. వాట్సాప్‌లో తిరుగుతున్నట్టు అది అమ్మకానికి అనుమతి కాదు.

కాబట్టి వార్త చదవగానే మొదటి అడుగులో తీసుకున్న కాగితం ముందు పెట్టుకోండి. ఇది నా జబ్బుకేనా? మనుషుల మీద ప్రయోగం జరిగిందా, ఎంతమందికి? బయటి భాగం పాడైతే ఇండియాలో మార్చేవారున్నారా? పదేళ్ల తరువాత తీసేయవలసివస్తే ఎవరు తీస్తారు, ఖర్చెవరిది? ప్రయోగంలో చేర్చుకుంటామని డబ్బు అడిగితే లేచి వచ్చేయండి. మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ఆ ప్రయోగం నమోదై ఉందో లేదో ఎవరైనా చూడవచ్చు. కంట్లో మూలకణాల సూదితో చూపు తెప్పిస్తామనే ప్రకటనల దగ్గర మరింత జాగ్రత్త అవసరం: అమెరికాలోని ఫ్లోరిడాలో డబ్బు కట్టి అటువంటి సూదులు వేయించుకున్న ముగ్గురు మహిళల చూపు తీవ్రంగా దెబ్బతిన్నదని 2017లో వైద్య పత్రికలో వెలువడింది.

ఏడో అడుగు: చెవి ఇంప్లాంట్ అయితే ఆలస్యం చేయకండి

ఈ మార్గదర్శి చూపు గురించే అయినా, ఇంప్లాంట్ల మాట వచ్చింది గనుక చెవి సంగతి కూడా చెప్పాలి. కంటి ఇంప్లాంట్‌కు ఓపిక పట్టమన్న నేనే, చెవుడుకు అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ దగ్గర తొందరపడమంటాను. చెవి వెనుక పెట్టుకునే ప్రాసెసరు శబ్దాన్ని సంకేతంగా మార్చి చర్మం మీదుగా లోపలికి పంపితే, లోచెవిలోని ఎలక్ట్రోడ్లు నేరుగా వినికిడి నరాన్ని ప్రేరేపిస్తాయి. పుట్టు చెవుడు ఉన్న పిల్లల్లో మెదడు మాటను బాగా నేర్చుకునే వయసు తొలి మూడేళ్లు. అందుకే నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలలకల్లా నిర్ధారణ, ఆరు నెలలకల్లా వినికిడి యంత్రంతో చికిత్స మొదలుకావాలని నిపుణులు చెబుతారు. బాణసంచా మోతకు బిడ్డ ఉలిక్కిపడిందని ఊరుకోకండి, పసిబిడ్డల వినికిడిని కొలిచే ఓఏఈ, బెరా పరీక్షలు చేయించండి. అడిప్ కింద ఇంప్లాంట్‌కు సహాయం ఉంది, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న, వినికిడి లోపాల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రంలో వివరాలు అడగవచ్చు.

ఆపరేషన్ రోజున బిడ్డకు ఏమీ వినిపించదు. గాయం మానాక కొన్ని వారాలకు పరికరం ఆన్ చేస్తారు, అప్పటి నుంచి నెలల తరబడి మ్యాపింగు, అంటే బిడ్డకు సరిపడేలా పరికరాన్ని సర్దడం, రోజూ ఇంట్లో మాటల శిక్షణ ఉంటాయి. చెంబు, గిన్నె, కాకి, వాన అని తల్లి వెయ్యిసార్లు చెప్పడమే అక్కడ సగం చికిత్స. ప్రాసెసరు తీగ, కాయిల్, బ్యాటరీల ఖర్చు ఏటా ఎంతవుతుందో ఆపరేషన్‌కు ముందే రాయించుకోండి, ఎందుకంటే సర్కారు సొమ్ముతో అమర్చిన ఇంప్లాంట్లు ఒక్క తీగ లేక మూగపోయిన ఇళ్లను నేను చూశాను.

ఎనిమిదో అడుగు: ఒక ఫైలు

లెన్సు వేసినప్పుడు డిశ్చార్జి కాగితాల మీద చిన్న స్టిక్కర్ ఒకటి అంటిస్తారు. దానిమీద లెన్సు కంపెనీ, పవరు, వరుస నంబరు ఉంటాయి. కాక్లియర్ ఇంప్లాంట్‌కు గుర్తింపు కార్డు ఇస్తారు. లోపల అయస్కాంతం ఉంటుంది కనుక ఎమ్మారై తీసేముందు టెక్నీషియన్‌కు ఆ కార్డు చూపించి తీరాలి. ఈ కాగితాలను, ఫీల్డ్ పరీక్ష రిపోర్టును, యూడీఐడీ కార్డు నకలును ఒకే ఫైలులో పెట్టి, ప్రతి పేజీని ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో దాచండి. ఆ ఫోటోల పక్కనే ఒక్కో కాగితంలో ఏముందో తెలుగులో టైపు చేసి ఉంచితే, చూపు లేని ఆ మనిషి ఎవరినీ అడగకుండా తన ఫోను చేత తానే చదివించుకోగలుగుతారు.